కుడి బాణం దానంతటదే నొక్కుకుంటున్న ప్యాడ్: ఒక రిపేరు కేసు

ఈ పాత వీడియో గేమ్ ప్యాడ్‌లో కాలిపోయిన పార్టంటూ ఒక్కటీ లేదు. అయినా అది చేతులు మారుతూ, మారినప్పుడల్లా ఒక కొత్త జబ్బు తగిలించుకుని నా బల్ల మీదికి వచ్చింది. నల్గొండ జిల్లాలో పాత ఎలక్ట్రానిక్స్ బాగుచేసేవాళ్లకు ఇలాంటిది మళ్లీ ఎదురుకావచ్చు. ఎందుకంటే దీని మూలం మన బోరు నీళ్లలో ఉంది. అందుకే వివరంగా రాస్తున్నాను. సొంతదారు ఊరు, వివరాలు తీసేశాను.

నేపథ్యం

మెషిన్ 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్ అనే వీడియో గేమ్ మెషిన్‌కి నకలు. 90ల్లో మన ఇళ్లలో టీవీకి పెట్టి ఆడినవి ఎక్కువగా ఇలాంటి నకళ్లే. క్యాసెట్ గుచ్చి, రెండు ప్యాడ్లు తగిలిస్తే ఆట మొదలు. సొంతదారు చిన్నప్పుడు ఆడిన మెషిన్ చాలా ఏళ్లు అటక మీద ఉండిపోయింది. ఇప్పుడు వాళ్ల పాపకు చూపిద్దామని దించారు. ఇలాంటి మెషిన్ మీద జనానికి ఉండే మమకారం నాకు తెలుసు. కొత్తది కొనుక్కోండి అని చెప్పడం సులువే కానీ, ఆ మాట నేను అనను.

ప్యాడ్ లోపలి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి లెక్క అర్థం కాదు. గోధుమ రంగు ఫీనాలిక్ (రెసిన్ పట్టించిన కాగితపు) బోర్డు, దాని మీద 4021 అనే పదహారు కాళ్ల ఐసీ, ఎనిమిది రెసిస్టర్లు, రబ్బరు కింద కార్బన్ ట్రాకులు. ఎనిమిది బటన్లకు ఐసీలో ఎనిమిది ఇన్‌పుట్ కాళ్లు. ఒక్కో కాలిని ఒక్కో రెసిస్టర్ 5 వోల్టుల వైపు పట్టుకుని ఉంటుంది. బటన్ నొక్కితే రబ్బరు కింది కార్బన్ బిళ్ల ఆ కాలిని గ్రౌండ్‌కి కలుపుతుంది, వోల్టేజీ పడిపోతుంది. మెషిన్ లాచ్ వైరు మీద ఒక పల్స్ పంపగానే ఐసీ ఎనిమిది బటన్ల స్థితినీ ఒకేసారి పట్టుకుంటుంది. తర్వాత క్లాక్ వైరు మీద వచ్చే ఒక్కో పల్స్‌కి ఒక్కో బటన్ సంగతి డేటా వైరు మీద పంపుతుంది. వరుస ఇది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. మన టీవీల పాల్ (PAL) పద్ధతికి చేసిన మెషిన్లలో ఆట సాధారణంగా సెకనుకు 50 సార్లు ఇలా అడుగుతుంది. అంటే ప్యాడ్‌లో క్షణం పాటు వచ్చిన తప్పు కూడా తెర మీద కనిపించిపోతుంది.

వచ్చిన సమస్య

"అన్నా, ముందు నొక్కకున్నా కుడి దిక్కుకే పోతుండె. బాగు చేపిస్తే ఎంత నొక్కినా పోకపాయె. ఇప్పుడు మళ్ల ఆగుతనే లేదు" అన్నాడాయన. ఈ మూడు వాక్యాల్లోనే కేసు మొత్తం ఉంది. కానీ అవి మూడు వేర్వేరు జబ్బులని ప్యాడ్ విప్పాకే తెలిసింది.

ఇంకొన్ని ప్రశ్నలు వేశాను. ఎప్పుడు మొదలైంది? ఎండాకాలం సెలవుల్లో బాగానే ఆడిందట, వానలు పడ్డాక మొదలైందట. రోజులో ఎప్పుడు ఎక్కువ? పొద్దున ఎక్కువ, కాసేపు ఆడితే కొన్నిసార్లు తగ్గేదట. అటక మీంచి దించాక ఏం చేశారు? "దుమ్ము, బల్లి పెంట ఉండె. మోటర్ నీళ్లల్ల సబ్బు పొడి ఏసి కడిగినం. రెండు రోజులు ఎండకు పెట్టినం."

మొదట మెషిన్‌దా, ప్యాడ్‌దా అన్నది తేల్చాలి. పవర్ తీసేసి రెండు ప్యాడ్లనూ ఒకదాని చోట ఒకటి మార్చి పెట్టాను. జబ్బు ప్యాడ్ వెంటే పోయింది. మెషిన్ వైపు ప్యాడ్ డేటాను అందుకునే బఫర్ ఐసీ, సాకెట్ బాగున్నట్టే. ఇక్కడొక హెచ్చరిక. పవర్ ఉండగా ఈ ప్యాడ్లు తీసి పెట్టకండి, వీటిలోని సీమాస్ (CMOS) రకం ఐసీలు దాన్ని ఓర్చుకోలేవు. తొమ్మిది పిన్నుల ప్లగ్ సరిగ్గా పట్టింది కదా అని సెగా ప్యాడ్ తెచ్చి గుచ్చకండి. ప్లగ్ ఆకారం ఒకటే, లోపలి వైరింగ్ వేరు.

తర్వాత, తెర మీద కనిపించే లక్షణం ఏ వైరు వైపు చూపిస్తుందో ఆలోచించాను. క్లాక్ వైరు తెగితే ఐసీ మొదటి బటన్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ‘ఏ’ (A) నొక్కితే ఎనిమిదీ నొక్కినట్టు కనిపిస్తాయి, మిగతావి నొక్కినా ఏమీ జరగదు. లాచ్ తెగితే ఒక్కోసారి అలాగే ఉంటుంది, ఒక్కోసారి అన్ని బటన్లూ నొక్కి పట్టినట్టే ఉండిపోతాయి. డేటా తెగితే సాధారణంగా ప్యాడ్ చచ్చిపోయినట్టు ఉంటుంది. గ్రౌండ్ తెగితే పిచ్చిగా ప్రవర్తిస్తుంది. ఇక్కడ ఏడు బటన్లు నిక్కచ్చిగా పనిచేస్తున్నాయి, ఒక్క కుడి మాత్రమే తప్పు చేస్తోంది. కాబట్టి ఐదు వైర్లూ బాగున్నాయి, కేబుల్ జోలికి పోనక్కర్లేదు. తప్పు కుడి బటన్ రబ్బరుకీ ఐసీలో దాని కాలికీ మధ్యే ఉంది. మనలో చాలామంది ప్యాడ్ చెడిందనగానే ముందు కేబుల్ కోస్తారు. తొంభై శాతం కేసుల్లో అది సరైన పనే కావచ్చు కానీ, లక్షణం కాదంటున్నప్పుడు కోయకూడదు.

ముందు చేసిన రిపేర్లను వెనక్కి తిప్పడం

విప్పగానే రెండు విషయాలు కనిపించాయి. కుడి బటన్ రబ్బరు కింద సిగరెట్ పెట్టెలోని మెరుపు కాగితం గమ్‌తో అతికించి ఉంది. టీవీ రిమోట్లకు ఊళ్లలో చేసే పనే. గమ్ జారి ఆ కాగితం కార్బన్ ట్రాకు మీదే పడి ఉంది. "ఇప్పుడు మళ్ల ఆగుతనే లేదు" అన్నదానికి కారణం అదే. రెండోది, కుడి బటన్ రెసిస్టర్. మిగతా ఏడూ పసుపు, ఊదా, నారింజ పట్టీలవి, అంటే 47 కిలో ఓమ్‌లు. ఇదొక్కటే పసుపు, ఊదా, ఎరుపు, అంటే 4.7 కిలో ఓమ్‌లు. సోల్డరింగ్ కూడా కొత్తది. ఎవరో మార్చారు.

మార్చినాయన ఆలోచనను తీసిపారేయలేం. కాలి వోల్టేజీ పడిపోతోంది కాబట్టి దాన్ని పైకి ఇంకా గట్టిగా లాగితే నిలబడుతుంది అనుకున్నాడు. నిలబడింది కూడా. కానీ దానికి కట్టిన వెల చూడండి. పాత రబ్బరులో కార్బన్ బిళ్ల అరిగి, నొక్కినప్పుడు దాదాపు 3.9 కిలో ఓమ్‌లు చూపిస్తోంది. 47 కిలో ఓమ్‌లతో అయితే నొక్కినప్పుడు కాలి మీద 0.4 వోల్టులైనా ఉండదు, ఐసీ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. 4.7 కిలో ఓమ్‌లతో అదే బిళ్ల దగ్గర 2.3 వోల్టులు వస్తుంది. 5 వోల్టుల మీద నడిచే 4021కి సున్నా అని హామీ ఉన్నది 1.5 వోల్టుల వరకే, ఒకటి అని హామీ ఉన్నది 3.5 నుంచి. మధ్యలో ఏమనుకుంటుందో ఐసీ ఇష్టం. అందుకే "ఎంత నొక్కినా పోకపాయె." దాన్ని సరిచేయడానికే మెరుపు కాగితం వచ్చింది, ఆ కాగితమే మూడో జబ్బు అయింది.

ఈ దశలో ఒక నిర్ణయం తీసుకోవాలి. కాగితం తీసి మంచి రబ్బరు వేస్తే, 4.7 కిలో ఓమ్‌లు అలాగే ఉన్నా ప్యాడ్ పనిచేస్తుంది. ఆ సాయంత్రమే ఇచ్చి పంపొచ్చు. నేను అలా చేయలేదు. మొదటి జబ్బు ఏమిటో ఇంకా తెలియదు, అది లోపలే ఉంది. ఇవాళ ఒక కాలి మీద ఉన్నది రేపు పక్క కాలికి పాకవచ్చు. కాబట్టి రెసిస్టర్‌ని మళ్లీ 47 కిలో ఓమ్‌లకు మార్చాను. తుక్కు ప్యాడ్ నుంచి మంచి రబ్బరు తీసి వేశాను. అసలు జబ్బు బయటికి వచ్చే దాకా చూద్దామనుకున్నాను.

ఫలించనివి

షాపులో అది రాలేదు. బల్ల మీద దీపం వేడి, పైన ఫ్యాను. కుడి కాలి మీద 4.6 వోల్టులు, మిగతావన్నీ 5కి దగ్గర. ఆట ఆడితే ఏ తప్పూ లేదు. అయితే ఆ 4.6 నన్ను వదల్లేదు. ఒకే విలువ రెసిస్టర్లు, ఒకే ఐసీ, ఒక్క కాలు మాత్రం కిందికి ఎందుకు ఉండాలి? (ఈ కొలత డిజిటల్ మీటర్‌తోనే తీయండి. ముల్లు మీటర్ తానే కరెంటు లాగి, బాగున్న కాలిని కూడా 4 వోల్టులకు దించి చూపిస్తుంది.)

సొంతదారు చెప్పిన వానల మాట గుర్తుపెట్టుకుని, బోర్డుకు దగ్గరగా నోటి ఆవిరి ఊదాను. మీటర్‌లో అంకె కళ్ల ముందే జారి 2.1 వోల్టుల దగ్గర ఆగింది. తెర మీద మారియో కుడివైపు నడిచాడు. ఆవిరి ఆరగానే ఆగాడు. లెక్క వేస్తే కాలికీ గ్రౌండ్‌కీ మధ్య దాదాపు 34 కిలో ఓమ్‌ల దారి ఏర్పడుతోంది. ఆరినప్పుడు అదే దారి అర మెగా ఓమ్ పైన ఉంటోంది. అంటే లీకేజీ. తేమ తగిలితే కరెంటు పారే పొర ఏదో అక్కడ ఉంది.

మొదట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు రెండు వైపులా తోమాను. వెంటనే అంకె 4.9కి ఎక్కింది, ఆవిరి ఊదినా పెద్దగా పడలేదు. ఇక్కడే చాలామంది ప్యాడ్ మూసేస్తారు. నేను బోర్డుని ఒక ప్లాస్టిక్ డబ్బాలో, పక్కన తడి గుడ్డ పెట్టి, నీళ్లు తగలకుండా మూతపెట్టి రాత్రంతా ఉంచాను. పొద్దున తీసి పవర్ ఇస్తే మళ్లీ 2 వోల్టుల చుట్టూ. ఆల్కహాల్ తేమను తీసింది, పొరను తీయలేదు. ఉప్పు ఆల్కహాల్‌లో దాదాపు కరగదు. బోర్డు ఆరడం వల్ల కనిపించిన మెరుగుదలను శుభ్రం కావడం అనుకుంటే మోసపోతాం.

తర్వాత డిస్టిల్డ్ వాటర్. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసేది, బ్యాటరీ షాపులో దొరుకుతుంది. యాసిడ్ క్యాన్ కాదు, నీళ్ల క్యాన్ అని అడిగి చూసుకుని తీసుకోండి. ఆర్వో క్యాన్ నీళ్లు వద్దు, వాటిలో ఉప్పులు తగ్గుతాయి గానీ పోవు. సిరంజితో ఐసీ కిందికి కొట్టి, బల్బు కింద బాగా ఆరబెట్టి, మళ్లీ తడి డబ్బాలో ఉంచాను. ఈసారి 3 వోల్టులు. సగం మెరుగు. సగం మెరుగు వచ్చిందంటే దారి సరైనదే, చేరాల్సిన చోటికి నీళ్లు చేరలేదు.

ఎందుకు కుడి బటనే?

ఈ ప్రశ్న వేసుకోకుండా ఉంటే ఇంకా బోర్డంతా తోముతూనే ఉండేవాణ్ని. నీళ్లు బోర్డు మొత్తం తగిలాయి. ఎనిమిది బటన్లలో ఒక్కదానికే జబ్బు ఎందుకు?

4021 కాళ్ల వరుస చూస్తే జవాబు అక్కడే ఉంది. ఈ ప్యాడ్లలో పైకి 4వ కాలు, కిందికి 5, ఎడమ 6, కుడి 7. ఎనిమిదో కాలు గ్రౌండ్. ఎనిమిది బటన్ కాళ్లలో గ్రౌండ్‌కి ఆనుకుని ఉన్నది కుడి ఒక్కటే, మధ్యలో 2.54 మిల్లీమీటర్ల దూరం. అవతలి వరుసలో బీ బటన్ 15వ కాలు, దాని పక్కన 16 పవర్. అక్కడ లీకేజీ ఉన్నా అది కాలిని పైకే లాగుతుంది కాబట్టి ఆటలో కనిపించదు. ఐసీ కింద అంతటా పొర ఉన్నా, అది బయటపడగలిగేది ముందుగా కుడి బటన్ దగ్గరే. అంటే మొత్తం బోర్డు కాదు, ఐసీ పొట్ట కింద చూడాలి. బోర్డుకి అతుక్కుని కూర్చున్న ఐసీ కింద చిక్కిన నీళ్లు ఎక్కడికీ జారిపోలేవు, అక్కడే ఆవిరై ఉప్పులన్నీ అక్కడే వదిలేస్తాయి.

నల్గొండ నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ అంటారు. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని పేరుంది, కాబట్టి అనడంలో వింత లేదు. మనుషుల ఎముకలకు అది చేసిన కీడు చిన్నది కాదు. కానీ బోర్డు మీది పొరకు కారణం అది కాదు. తాగే నీటి ప్రమాణంలో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5. కరిగి ఉన్న మొత్తం ఉప్పుల హద్దు 500, వేరే దిక్కు లేకపోతే 2000. ఫ్లోరైడ్ హద్దుకు అనేక రెట్లున్న నీళ్లలో కూడా పొర కట్టేది కాల్షియం, మెగ్నీషియం ఉప్పులే. వాటిలో కార్బొనేట్ గట్టి పెచ్చులా అంటుకుంటుంది, క్లోరైడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పెచ్చు లోపల క్లోరైడ్లు చిక్కుకుని ఉంటే ఉత్త నీళ్లతో అన్నీ కరిగి రావు. సగం మెరుగు దగ్గర ఆగడానికి కారణం ఇదీ.

పనిచేసింది

ఐసీ లేపక తప్పదు. ఎలా లేపాలన్నదే రెండో పెద్ద నిర్ణయం. పదహారు కాళ్లూ వేడిచేసి ఐసీని క్షేమంగా తీయొచ్చు. కానీ ఇది పాత ఫీనాలిక్ బోర్డు, ఎక్కువ వేడి తగిలితే రాగి ట్రాకులు లేచిపోతాయి. ఐసీ బాగానే ఉంది, దాన్ని చంపడం మనసొప్పని పనే. అయితే 4021 ఇప్పటికీ హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే పార్టు, ఈ బోర్డు మాత్రం దొరకదు. కొత్త ఐసీ చేతికొచ్చాకే పాతదాని కాళ్లు సన్న కట్టర్‌తో కత్తిరించి, ఒక్కో కాలిని విడిగా కొద్ది వేడితో లాగేశాను. ట్రాకులన్నీ క్షేమం.

కింద చూస్తే తెల్లటి పొర, 7, 8 కాళ్ల మధ్య మరీ దట్టంగా. వెనిగర్‌లో సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, ఇయర్ బడ్‌తో అద్దితే సన్న బుడగలు వచ్చాయి. కార్బొనేట్ అనడానికి అది చాలు. బుడగలు ఆగే దాకా మాత్రమే ఉంచాను. వెనిగర్ నిలిచిపోతే రాగిని తింటుంది, అందుకే బటన్ల కార్బన్ ట్రాకుల వైపు పోనివ్వలేదు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో పలుమార్లు కడిగాను, ఉప్పులూ వెనిగరూ రెండూ పోవాలి. చివర ఆల్కహాల్, మిగిలిన నీళ్లను వెంట తీసుకుపోవడానికి. ఈ వరుస మారిస్తే ఫలితం ఉండదు. పెచ్చు పగలాలి, ఉప్పు కరిగి పోవాలి, ఆ తర్వాతే తేమ ఆరాలి. ఫీనాలిక్ బోర్డు తానే కొంత నీరు పీల్చుకుంటుంది కాబట్టి బల్బు కింద తొందరపడకుండా ఆరబెట్టాను.

కొత్త ఐసీకి సాకెట్ వేయాలా అని ఆలోచించి వద్దనుకున్నాను. ఎత్తు పెరిగి ప్యాడ్ డొప్ప మూతపడటం కష్టం, పైగా సాకెట్ కాంటాక్టులకు మన తేమలో తుప్పు పట్టే బాధ వేరే. దాని బదులు ఐసీని బోర్డుకి ఆనించకుండా మిల్లీమీటరు ఎత్తున నిలిపి సోల్డర్ చేశాను. రేపెప్పుడైనా కడగాల్సి వస్తే కింద దారి ఉంటుంది.

రాత్రంతా తడి డబ్బాలో ఉంచి తీస్తే ఎనిమిది కాళ్లూ 4.9 వోల్టుల పైన. ఆవిరి ఊదినా కదల్లేదు. ఈ పరీక్ష నెగ్గాకే ఐసీ కాళ్ల చుట్టూ సోల్డర్ వైపు పల్చగా వార్నిష్ పూత వేశాను. చాలా షాపుల్లో గోళ్ల రంగు పూసి లీకేజీ ఆపామంటారు. ఉప్పు ఉండగా పూస్తే దాన్ని లోపల దాచినట్టే. ఏ పూత వేసినా తడి పరీక్ష తర్వాతే వేయాలి.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

రెండో ప్యాడ్ బాగానే ఆడుతోంది, కానీ దాన్నీ అదే నీళ్లలో కడిగారు. తడి డబ్బాలో పెట్టి చూస్తే కుడి కాలు 3.8 దాకా దిగింది. ఇంకొక వానాకాలం గడిస్తే అదీ నడవడం మొదలుపెట్టేదే. సొంతదారుకు మీటర్ చూపించి, ఆయన సరేనన్నాకే దాన్నీ అలాగే చేశాను.

ఇప్పుడు ప్యాడ్ ఏదొచ్చినా, విప్పే ముందే నీళ్లతో కడిగారా, ఏ నీళ్లతో అని అడుగుతున్నాను. జనం దాచాలని దాచరు, శుభ్రం చేయడం మంచి పనే కదా అని చెప్పరు. వానాకాలం జబ్బు అన్నది ఏదైనా తడి డబ్బా పరీక్ష కాకుండా తిరిగి ఇవ్వడం లేదు. రెసిస్టర్ విలువ మార్చి ఉంటే ముందు పాత విలువకు తెచ్చాకే కొలతలు మొదలుపెడుతున్నాను.

ఈ పద్ధతి అన్ని ప్యాడ్లకూ సరిపోదు. చౌక నకళ్లలో 4021 బదులు నల్లటి బొట్టు కింద చిప్ ఉంటుంది. అందులో కాళ్లూ ఉండవు, చాలాసార్లు విడిగా రెసిస్టర్లూ ఉండవు. లేపడానికి ఏమీ లేదు. అలాంటప్పుడు బొట్టు నుంచి బయటికి వచ్చే ట్రాకుల్లో గ్రౌండ్ ట్రాకుకి ఆనుకుని ఏ బటన్ ట్రాకు నడుస్తోందో ముందు చూడండి. తెర మీద తప్పు చేస్తున్న బటన్ అదే అయితే, ఆ రెండు ట్రాకుల మధ్య ఖాళీని పైన చెప్పిన వరుసలోనే కడగండి. తప్పు చేస్తున్నది వేరే బటన్ అయితే లీకేజీ బొట్టు లోపలే ఉండొచ్చు. అప్పుడు బొట్టు నుంచి ట్రాకులు కోసి, పక్కన చిన్న బోర్డు మీద 4021 పెట్టి, ఎనిమిది 47 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో వైర్లు లాగితే ప్యాడ్ నడుస్తుంది. డొప్పలో చోటుందో లేదో ముందు కొలుచుకోండి.